నెమ్మదిగా కదిలే వాహనాలు

సర్వే ఫారంలో అది ఆఖరి గడి.
లారీలు, బస్సులు, కార్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు,
వాటన్నిటి కింద, కాగితం మడతలో నలిగి
ఎడ్లబండితో కలిపి సైకిలు:
"నెమ్మదిగా కదిలే వాహనాలు."

విజయనగరం దాటే దాకా నెల్లిమర్ల రోడ్డు,
రెండు కిలోమీటర్ల నాలుగొందల మీటర్లు.
పాత తారు గోకి కొత్త తారు పోసి
రెండు పక్కలా మీటరున్నర సైకిల్ దారి వేస్తే
ఎంతవుతుందో లెక్క కట్టమన్నారు.
కట్టే ముందు లెక్క పెట్టమన్నారు.
పొద్దున్న తొమ్మిది నుంచి పది, అదీ రూలు.
తొమ్మిదికి కుర్చీ వేసుక్కూచున్నాను.
పదయ్యేసరికి సైకిళ్లు పద్దెనిమిది,
అందులో ఒకటి పంచరై, నడిపించుకుపోతున్నది.

టీ బడ్డీ తవిటయ్య నవ్వేడు:
"ఇప్పుడొచ్చి నెక్కెడితే ఏటి దొరుకుద్ది బాబూ?
సైకిళ్లు సీకట్లోనే ఎల్లిపోనాయి."

మర్నాడు నాలుగున్నరకి వెళ్లాను, ఎవరూ వెళ్లమనలేదు.
మాఘం మంచు. ఒక దీపం వెలిగి, రెండు ఆరి.
ముందు చప్పుడొచ్చింది,
చైన్ కవరు కొట్టుకునే టకటక.
తర్వాత మనుషులు.
మిల్లు మొదటి షిఫ్టు వాళ్లు, హ్యాండిళ్లకి క్యారేజీలు,
తువ్వాళ్లకి అంటుకున్న గోగునార పీచు.
పాల క్యాన్లు. తోటకూర మోపు వెనక కనపడని మనిషి.
రేవు నుంచి చేపల బుట్ట, దాని వెంట సన్నటి నీటి చార.
సర్కారిచ్చిన సైకిలు మీద ఒక పిల్ల,
వెనక సీటు మీద నిద్రపోతున్న తమ్ముడు.
ఐదు గీతలకో కట్ట. కట్టలు కట్టి కట్టి
కాగితం వెనక్కి తిప్పాను.
ఆరున్నరకి మూడువందల నలభై ఒకటి.
పెద్ద గుంత దగ్గర అందరూ దిగారు,
దిగి, ఎత్తి, దాటించి, ఎక్కారు.
ఆ దిగడానికి నా ఫారంలో గడి లేదు.

కౌన్సిల్ మీటింగులో సమోసాలయ్యాక మా అంశం వచ్చింది.
"సైకిలు తొక్కే కదండీ మా నాన్న నన్ను చదివించాడు"
అని ఒకాయన గొంతు పూడుకుపోయి,
అయినా ముందు కాలవలు ముఖ్యం కదా, అన్నాడు.
ముఖ్యమే. కాదనను. మా ఇల్లూ పల్లంలోనే ఉంది.
మీటరున్నర మీటరైంది,
మీటరు "ఒక పక్కన చాలు" అయింది,
చివరికి ఎర్ర సిరాలో ఒక వాక్యం అయింది:
నిధుల లభ్యతను బట్టి, తదుపరి దశలో.

మా ఆఫీసులో తదుపరి దశకి ఒక బీరువా ఉంది.
తాళం చెవి ఎవరి దగ్గరుందో అడక్కండి.

సిరిమానుకి నాలుగు రోజుల ముందు తారు పడింది.
ఏటా ఊరు తారు వాసన వేసేది అప్పుడే.
రాత్రంతా రోలరు, పొగ, గోనెసంచులు చుట్టుకున్న కాళ్లు.
గీత గీసే బండి ఆఖర్న వచ్చింది.
అంచుకి ఇరవై సెంటీమీటర్ల లోపల, అంది డ్రాయింగు.
టేపు నా చేతిలో ఉంది.
మీటరు దగ్గర సుద్దతో చుక్క పెట్టాను.
అదే రంగు, అదే ఖర్చు, అదే పొడవు.
మెజర్‌మెంట్ బుక్కులో ఎంత గీశామో రాస్తాం,
ఎక్కడ గీశామో రాయం.

తెల్లారగట్ల చూడ్డానికి వెళ్లాను.
కూరల దాలమ్మ సైకిలు దిగి నిలబడి ఉంది,
గుంత ఉండాల్సిన చోట, అలవాటుగా.
గీతని చెప్పు చివరతో తాకి చూసింది.
"ఇదేటి బాబూ?
మమ్మల్ని దాటొద్దనా, ఆళ్లని రావొద్దనా?"

వెనక నుంచి లారీ హారన్.
నేను జవాబు వెతుక్కునే లోపే
ఎక్కి, గీతకి ఇవతలగా,
నెమ్మదిగా కదిలింది.